చెంబు జారిన వీధులు

మా అత్తగారు నాతో మాట్లాడేవారు కాదు. కోపం ఉండి కాదు, మా పాలమూరు దిక్కు మర్యాద అది. అల్లుడి ముందు అత్త తల ఎత్తదు, గొంతు ఎత్తదు. చెప్పవలసింది ఉంటే తలుపు చాటున నిలబడి, తనకూ అల్లుడికీ మధ్య ఏ వస్తువు ఉంటే ఆ వస్తువుతో చెబుతుంది. పెళ్ళయిన నాటి నుంచి ఆమె నన్ను గురించి మా ఇంటి తలుపుతో మాట్లాడింది, రోలుతో మాట్లాడింది, కొన్నాళ్ళు ఒక బర్రెతో మాట్లాడింది. ఆ బర్రెకు నా గుట్టంతా తెలిసిపోయి, నేను పెరట్లోకి పోతే మేత ఆపి నా వంక అదోలా చూసేది.

అటువంటి అత్తగారిని వెంటబెట్టుకుని, ముక్కూ ముఖమూ తెలియని గద్వాలలో వీధి వీధీ తిరిగి ఇల్లు వెతకవలసిన యోగం నాకు పట్టింది.

నేను అప్పుడు నాగర్‌కర్నూలులో బడిపంతులుని. ముప్పై నిండలేదు కానీ నా పేరు మాత్రం నాలుగు తాలూకాలకు పాకిందని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని నిజం చేస్తున్నట్టు గద్వాల సంస్థానం బడిలో చోటు వచ్చింది. మా ఊరి బడి గోడ ఎంత ఉంటుందో గద్వాల బడిలో నల్లబల్ల అంత ఉంటుందని ఎవరో అన్నారు. నేను ఇంటికి వచ్చి చెప్పేసరికి అది మా ఊరి చెరువుకట్టంత అయింది. నా ఇల్లాలు అంతా విన్నది. పొయ్యిలో కట్టె ముందుకు తోసి, ఒకటే మాట అన్నది.

"మీరు చూసిన ఇంటికి నేను రాను. మా అమ్మ చూసి సరే అంటె వస్త. లేదంటె మీరొక్కరే పోండ్రి. ఖానావళిల తినుండ్రి."

దీనికి కారణం వనపర్తి. అంతకు రెండేళ్ళ కిందట కొన్నాళ్ళు వనపర్తిలో ఉన్నాం. అక్కడ ఇల్లు నేనొక్కణ్ణే పోయి చూసి ఖాయం చేసి వచ్చాను. చూసింది మిట్టమధ్యాహ్నం. వీధి ఎంత ప్రశాంతంగా ఉందంటే, ఈగ కూడా కాళ్ళు తుడుచుకుని వచ్చి వాలుతోంది. కాపురం పెట్టిన మర్నాడు తెల్లవారుజామున తెలిసింది, మా గోడకు ఆనుకుని నూనె గానుగ ఉందని, నేను చూసిన వేళకు ఎద్దు మేతకు పోయిందని. ఆ గానుగ మోతలో ఒకనాడు నా ఇల్లాలు జ్వరంతో మంచం పట్టి, నేను బడిలో ఉండగా, మంచినీళ్ళ కోసం పొద్దుగూకేదాకా పిలిచింది. ఎవరికీ వినబడలేదు. ఆమె ఆ సంగతి ఎన్నడూ దెప్పలేదు. గద్వాల మాట ఎత్తినప్పుడు మాత్రం పొయ్యిలో కట్టె ముందుకు తోసింది.

అందుకని మా అత్తగారు బయలుదేరారు. ఆమె సరే అంటే నాకు కాపురం, కాదంటే ఖానావళి.

నాగర్‌కర్నూలు నుంచి వనపర్తి రోడ్డు స్టేషన్ దాకా బండి మీద పోయాం. నేను ముందు బండివాడి పక్కన, ఆమె వెనక గడ్డిమీద, మధ్య ఒక మూట. ఆ దారి పొడుగునా ఆమె ఎడ్లతో మాట్లాడింది.

"ఓ నల్లెద్దా, మబ్బు కమ్ముతున్నది. గొడుగు తెచ్చుకున్నరో లేదో."

నేను నా గొడుగు వంక చూసి, "చూడు గొడుగూ, నిన్ను మరిచి నేను ఏ ఊరూ పోను," అన్నాను.

బండివాడు కొంతసేపు అటూ ఇటూ చూశాడు. తరువాత ఎడ్లను గట్టిగా అదిలించాడు. మామూలుగా పొద్దంతా పట్టే దారి ఆనాడు సగం పొద్దులో తెగింది. మా ఇద్దరినీ దింపి కూలి చేతిలో పడగానే, నీళ్ళు కూడా తాగకుండా బండి తిప్పాడు.

రైల్లో ఆమె జనానా డబ్బాలో ఎక్కింది, నేను మగవాళ్ళ డబ్బాలో. కృష్ణ మీద వంతెన వచ్చింది. ఈ ఒడ్డున పుట్టిన పసిబిడ్డకు ఆ ఒడ్డు చేరేసరికి అన్నప్రాశన చేయవచ్చు, అంత పొడుగు వంతెన. జనానా డబ్బా కిటికీలోంచి ఒక చేయి బయటికి వచ్చి, నదిలోకి ఒక రాగి పైసా వేసి, గాలిలోనే దండం పెట్టింది. ఆ గాజులు నేను ఎరిగినవే. ఆ దండం నా బుద్ధి బాగుపడాలనేమోనని నాకు అనుమానం.

గద్వాలలో సత్రంలో దిగాం. అక్కడ ఎడ్లు లేవు, బర్రె లేదు. ఆమె దగ్గర ఇత్తడి చెంబు ఒకటి ఉంది. నా దగ్గర గొడుగు ఉంది. ఇక ఆ రెండూ మాట్లాడుకోవలసిందే.

మర్నాడు పొద్దున ముందు స్టేషన్ దిక్కు వాడ చూశాం. కొత్త ఇళ్ళు, ఎర్ర పెంకులు, వరసగా ఒకే పోతలో పోసినట్టు ఉన్నాయి. రైలు కూత వేస్తే ఇంట్లో గిన్నెలు తాళం వేస్తాయి. నేను ఖాళీ ఇంటి లోపలికి పోయి గోడలు తట్టాను, దూలాలు చూశాను, వాసాలు లెక్కపెట్టాను. ఇల్లు పరీక్ష చేయడంలో నన్ను మించినవాడు నిజాం రాజ్యంలో లేడు. అత్తగారు లోపలికే రాలేదు. అరుగు మీద కూర్చుంది. నేను బయటికి వస్తుండగా ఆమె చేతిలోంచి చెంబు జారి బండ మీద పడింది. అబ్బో, ఏం చెంబు అది. ఆ చప్పుడు కృష్ణ దాటి వనపర్తిలో వినబడి ఉంటుంది. వీధిలో మాత్రం ఎవరూ తలుపు తీయలేదు. ఒక మేక వచ్చి చూసి, తనకు పనికిరాదని పోయింది.

"గొడుగూ," అన్నాను నేను, "పెద్దవారి చేతులకు ఈ మధ్య పట్టు తగ్గినట్టుంది. చెంబు నేను మోస్తానని చెప్పు."

"చెంబూ," అన్నది ఆమె, "నాకు చేతులు బాగనే ఉన్నయి. ఈడ బొగ్గు పొగ ఎంతున్నదంటే, తెల్లబట్ట కొనే పనే లేదు. పా, ఇంకో వాడ చూద్దాం."

నేను దానికి సంతోషించాను. ఎందుకంటే నా మనసు కోట దిక్కు ఉంది. రైలు దిగి వచ్చేటప్పుడే అక్కడ ఒక మిద్దె ఇల్లు చూసి ఉంచాను. పైన ఒక గది, ఆ గదికి ముందు నిలబడడానికి చోటు. నేను ఆ చోట నిలబడి, చేతులు వెనక కట్టుకుని, కింద పోయే గద్వాల జనాన్ని చూస్తుండగా, వాళ్ళు తలలు ఎత్తి "ఆయనే, నాగర్‌కర్నూలు నుంచి వచ్చిన పంతులు" అని ఒకరికొకరు చెప్పుకోవడం నాకు కళ్ళకు కట్టింది.

ఇల్లు గల పెద్దమనిషి టోపీ పెట్టుకుని ఎదురొచ్చాడు. నన్ను చూడగానే నా గొప్ప అతనికి తెలిసిపోయింది. లేక, అద్దె ఇచ్చే మనిషి ఎట్లా ఉంటాడో తెలిసిపోయింది.

"మా వీధిల అంతా పెద్దలే ఉంటరు పంతులుగారూ," అన్నాడు. "ఒకరి జోలికి ఒకరు పోరు. పక్కింట్ల పెండ్లయినా మనకు తెల్వదు. అంత మర్యాద."

అత్తగారు అప్పటికే మెట్లెక్కి పైకి పోయింది. పైనుంచి ముందు చెంబు వచ్చింది. మెట్టు మీద మెట్టు, ప్రతి మెట్టు దగ్గరా ఒక మాట చెప్పుకుంటూ, చివరి మెట్టు మీద ఒక గిరికీ తిరిగి పెద్దమనిషి కాళ్ళ దగ్గర ఆగింది. ఎదుటింటి కిటికీ వేలెడంత తెరుచుకుంది. వెంటనే మూసుకుంది. తరువాత అత్తగారు కొంగు తలమీదికి లాక్కుంటూ దిగింది.

"చెంబూ," అన్నది, కింద పడ్డ దానితోనే, "పక్కింట్ల పెండ్లయితే తెల్వదంట. పీనుగ లేచినా తెల్వదేమో అడుగు."

పెద్దమనిషి ఆ ప్రశ్న తననే అడిగిందనుకున్నాడు. "లేదమ్మా, అది గూడ తెల్వదు," అన్నాడు గర్వంగా.

నేను బయటికి వచ్చి గొడుగుతో చాలాసేపు వాదించాను. ఆ ఇంటి గోడలు మూరెడు మందమనీ, ఆ వీధిలో గానుగ కాదు కదా, రోకలి చప్పుడు కూడా లేదనీ, వనపర్తిలో జరిగిన పొరపాటు ఇక్కడ జరగడానికి వీలే లేదనీ చెప్పాను. వేదాలు నాలుగూ ఏకం చేసినా అంత తిరుగులేని వాదన రాదు. ఆమె అరుగు చివర నిలబడి, చెంబుకు పడ్డ సొట్టను బొటనవేలితో తడుముతూ అంతా విన్నది.

"నా బిడ్డ ఈ ఇంటికి రాదని చెప్పు," అన్నది చెంబుతో.

అంతే. నా మిద్దె, నా గది, కింద తలలెత్తే జనం, అన్నీ ఆ సొట్టలో పడి మునిగిపోయాయి.

సాయంత్రం బజారు వెనక గల్లీలో తిరిగాం. అత్తరు అమ్మేవాళ్ళు, కుట్టుపనివాళ్ళు, ఎక్కువగా తురకల ఇళ్ళు. ఒక ఇంటి ముందు మా చెంబు మళ్ళీ జారింది. నేను అలవాటుగా గొడుగుకు ఏదో చెప్పబోతుండగా, పరదా పక్కకు జరిగి ఒక ముసలి బీబీ తల బయటికి పెట్టింది.

"క్యా హువా అమ్మా? కాలు మీద పడ్డదా?"

"లేదమ్మా, చేయి జారింది," అన్నది అత్తగారు.

"జర కూసో. ఎండల తిరిగి తిరిగి కండ్లు తిరుగుతుండొచ్చు. పరేషాన్ గాకు." ఆమె లోపలినుంచి నీళ్ళు తెచ్చి, అత్తగారి చేతికి ఇచ్చి, నా వంక చూసి, "ఈయన ఎవరు? గొడుగుతోని మాట్లాడుతుండు?" అన్నది.

"మా అల్లుడు."

"అచ్ఛా," అన్నది బీబీ. ఆ ఒక్క మాటలో ప్రపంచంలోని అత్తలందరి సానుభూతీ ఉంది.

అత్తగారి ముఖం అప్పుడే మొదటిసారి తేటపడింది. ఇల్లు ఖాళీ ఉందా అని అడిగింది. బీబీ తల అడ్డంగా ఊపింది. "మా గల్లీల ఒక గూడు గూడ ఖాళీ లేదమ్మా. నేతగాళ్ళ వీధిల అవ్వ ఒకామె ఉన్నది. ఆమె ఇంటి పక్క ఇల్లు, అది గూడ ఆమెదే, ఖాళీగున్నదని విన్న. రేపు పొద్దుగాల పోండ్రి. పడుగు సాగదీయకముందే పోండ్రి, తర్వాత వీధి దొరకదు."

ఆ చివరి మాట నేను విన్నాను. విని, నా పెద్దరికానికి అది వర్తించదనుకున్నాను.

మర్నాడు శుక్రవారం. అత్తగారు చీకటితో లేచి, తలదువ్వుకుని, చెంబు పట్టుకుని సత్రం గుమ్మంలో కూర్చుంది. నేను మంగలిని పిలిపించాను. ఇల్లు అడగబోయే పంతులు గడ్డం మాసి పోవడమేమిటి? గడ్డం అయింది. మీసం కొనలు సమంగా లేవనిపించింది. ఒక కొన కత్తిరిస్తే రెండోది పొడుగైంది, రెండోది కత్తిరిస్తే మొదటిది. అట్లా ఇద్దరు అన్నదమ్ముల మధ్య పొలం పంచినట్టు పంచుతూ ఉండగా ఎండ వచ్చింది. అత్తగారు గుమ్మంలోంచి చెంబుతో కూడా ఒక్క మాట అనలేదు. అది మంచి లక్షణం కాదని నాకు తెలియవలసింది.

మేము చేరేసరికి వీధి లేదు. వీధి ఉండవలసిన చోట పడుగు ఉంది. చీర పొడుగు నూలు పోగులు, ఒక్క చీరవి కావు, పది చీరలవేమో, ఈ చివరి నుంచి ఆ చివరికి నడుమెత్తున సాగదీసి, కత్తెరల్లాగా కట్టిన కర్రల మీద ఆనించారు. నాకు కనబడినంతవరకూ ఆ పడుగు రెండో చివర రాయచూరులో ఉంది. మగవాళ్ళు ఇద్దరు ఇద్దరుగా పెద్ద కుంచెలు పట్టుకుని, గంజి పూసిన పోగులను దువ్వుకుంటూ అడుగు అడుగు జరుగుతున్నారు. ఇళ్ళలోంచి మగ్గాల చప్పుడు. ఒకటి కాదు, వీధి పొడుగునా టకటకటక. నేను ఆగి, గొడుగుతో, "ఇదేమి చోద్యం, ఇది గానుగకు మేనమామ కదా," అన్నాను. అత్తగారు అప్పటికే తాళమేసిన ఇంటి కోసం కళ్ళతో వెతుకుతోంది.

ఖాళీ ఇల్లు పడుగుకు అవతలి పక్క ఉంది. తాళం కనబడుతోంది. ఈ వైపు మనుషులు ఈ వైపు, ఆ వైపు వాళ్ళు ఆ వైపు, పడుగు ఎత్తేదాకా అదే సరిహద్దు. కానీ నేను ఆగే మనిషినా? చిన్నప్పుడు ముళ్ళకంచెలు, పందిరి గుంజలు, పంతుళ్ళ బెత్తాలు, ఎన్నిటి కింద నుంచి దూరి రాలేదు? పంచె ఎగగట్టి, గొడుగు చంకలో పెట్టుకుని, వంగి, దూరాను.

నేను దూరాను. గొడుగు దూరలేదు. దాని మొన పైకి లేచి, ఒక పోగును పట్టుకుంది.

పోగు తెగితే చప్పుడు ఉండదు. చెంబు లాగా మోగదు. నాకు తెలిసింది ఒకటే, ఉన్నట్టుండి మగ్గాలు ఆగిపోయాయి. ఒక ఇంట్లో టక అని ఆగింది, పక్క ఇంట్లో ఆగింది, అట్లా వీధి చివరిదాకా. ప్రతి తలుపులోంచీ ఇద్దరు ముగ్గురు బయటికి వచ్చారు. కుంచెల వాళ్ళు కుంచెలు ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. పసిబిడ్డను చంకనేసుకుని ఒకామె వచ్చింది. చేతికి పిండి అంటుకుని ఒకామె వచ్చింది. నేను పడుగు కింద గొంతుక్కూర్చుని ఉన్నాను. గద్వాల జనం నన్ను తలలెత్తి చూడాలని కోరుకున్నాను, వాళ్ళు తలలు దించి చూశారు.

"ఎవడ్రా ఆ గొడుగోడు?" అన్న గొంతు మొదట వచ్చింది. తరువాత బీబీ చెప్పిన అవ్వ వచ్చింది. ఎండిన చింతబరికె లాంటి మనిషి. "కదలకు. కదిలితే ఇంకో నూరు తెగుతయ్. ఊపిరి గూడ జర మెల్లగ తీయి."

"వాన లేదు, ఎండ లేదు, పడుగు కింద గొడుగు ఎందుకయ్యా నీకు?" అన్నది పిండి చేతులామె.

"నేను దూరం సంది చూసి కొంగ అనుకున్న," అన్నాడు కుంచె పట్టినవాడు.

"కొంగకు మీసాలు గంత సక్కగ ఉంటయా?"

మీసాల విషయం గుర్తించినందుకు నేను లోలోపల సంతోషించాను. ఒకాయన వంగి, వేలికొనలతో గొడుగు మొన నుంచి పోగులను ఒకటొకటిగా విడదీశాడు. నన్ను పీతను పట్టినట్టు పక్కకు లాగారు. ఒకామె తెగిన పోగు కొనలు రెండూ తీసుకుని, వేళ్ళ మధ్య గంజితో ఇట్లా అట్లా మెలిపెట్టింది. పోగు అతుక్కుంది. ఈలోగా ఇంకొకామె నాకు చెంబెడు అంబలి తెచ్చి చేతిలో పెట్టి, "తాగు. భయపడ్డవ్," అన్నది. నేను భయపడలేదు. అయినా తాగాను.

"మా వీధిల ఒక పద్ధతున్నది పంతులూ," అన్నది అవ్వ. పంతులునని ఎట్లా కనిపెట్టిందో తెలియదు, గర్వంతో నిలబడడం చూసి కావచ్చు. "పడుగు తెంపినోడు పడుగు ఎత్తేదాంక తాడు పట్టాలె. పా."

పడుగు చివర కట్టిన తాడును రాతిగుంజ నుంచి విప్పి నా చేతికిచ్చారు. వెనక్కి ఒరిగి లాగి పట్టుకోవాలి. వదిలితే పడుగు కుంగుతుంది, ఎక్కువ లాగితే పోగులు తెగుతాయి. నేను సమంగా పట్టాను. ఆ వీధిలో అంత సమంగా తాడు పట్టినవాడు అంతకు ముందు లేడు, తరువాత పుట్టలేదు.

అప్పుడు అత్తగారు అవ్వ దగ్గరికి పోయింది. చెంబు ఆమె చంకలో ఉంది, జారలేదు.

"అవ్వా, ఆ తాళమేసిన ఇల్లు నీదేనంట గద. మాకియ్యి."

"ఎవరికి?"

"నా బిడ్డకు. మా అల్లుడు ఈడ బడిల పంతులుగ వస్తుండు."

అవ్వ నా వంక చూసింది. తాడు వంక చూసింది. "నీ బిడ్డకైతే ఇస్త. అల్లునికియ్య. గొడుగు పట్టుకొని పడుగుల దూరెటోడు రేపు మగ్గంల దూరడని ఏంది?"

"బిడ్డకిచ్చి అల్లునికియ్యకుంటె ఎట్లవ్వా?"

"ఆయన ఊరవతల ఉండనీ. పండుగకు వస్తడు."

అందరూ నవ్వారు. అత్తగారు నవ్వలేదు. ఆమె చేయి చెంబు మీద బిగిసింది. రెండు రోజులు నన్ను వీధుల వెంట తిప్పినా అలసిపోని మనిషి పక్కనున్న గడపలో ఒక్కసారి కూలబడింది.

"నిన్నటి సంది వాడ వాడకు ఈ చెంబు పడేసిన," అన్నది. "స్టేషన్ కాడ ఎవరు రాలె. కోట కాడ కిటికీ తెరిచి మల్ల మూసిన్రు. బజారుల బీబీ ఒక్కామె వచ్చింది, ఆమెకాడ ఇల్లు లేదు. ఈడ చెంబు పడేసే పని గూడ లేకపాయె. ఒక్క పోగు తెగితే వీధి వీధంత వచ్చింది. నా బిడ్డ పగలంత ఒక్కతే ఉంటది అవ్వా."

నా చేతిలో తాడు కొంచెం వదులైంది. "గట్టిగ పట్టు," అన్నారెవరో. పట్టాను. ఆమె చేతులకు పట్టు తగ్గిందని జాలిపడ్డవాణ్ణి నేనే.

అవ్వ కొంగు ముడి తడుముకుంది. మనసు కదిలింది, మాట కదలలేదు. మాట కదిలించడమే నా విద్య. తాడు లాగి పట్టుకుని, గొంతు సవరించుకుని, ఎవరినీ అడగకుండా వనపర్తి గానుగ కథ మొదలుపెట్టాను. ఆ మోతకు మా ఇంట్లో మజ్జిగ కవ్వం లేకుండానే చిలికేదని చెప్పాను. ఉట్టి ఊయల అయి, పిల్లి అందులో పడుకుని నిద్రపోయేదని చెప్పాను. నేను బడిలో ఎక్కాలు చెబుతుంటే, గానుగ అలవాటై, పిల్లలంతా ఒకే దిక్కుకు గుండ్రంగా తిరుగుతూ వల్లించేవారని చెప్పాను. కుంచెల వాళ్ళు నవ్వుతూనే దువ్వుతున్నారు, నవ్వుకు తగ్గట్టు కుంచె వేగం పెరిగింది.

"ఆ ఎద్దు ఎంతుండె?" అన్నాడొకడు.

"ఎంతా? దాని నీడలో రెండు బండ్లు నిలిపేవారు."

అత్తగారు నా దిక్కు చూడలేదు. అవ్వ చెవి దగ్గరికి వంగి, అందరికీ వినబడేటట్టు, "ఒక ఎద్దు గాదని చెప్పవ్వా. రెండు. రెండోది దాని అన్న. అది గానుగ తిప్పదు, ఊరకె నిలబడి తమ్మునికి ఎట్ల తిప్పాల్నో చెప్పేది," అన్నది.

నేను నిర్ఘాంతపోయాను. నా కంటే పెద్ద చేయి అది. ఇన్నేళ్ళూ తలుపులతో, రోలుతో వృథా చేసుకుంది. వీధంతా పగలబడింది. అవ్వకు ఉన్న నాలుగు పళ్ళూ బయటపడ్డాయి.

నవ్వు తగ్గాక అవ్వ అడిగింది, "గంత మోతల నీ బిడ్డ ఎట్లుండె?"

"జ్వరమొచ్చి మంచినీళ్ళకు పొద్దుందాక పిలిచింది అవ్వా," అన్నది అత్తగారు. "వినబడలె."

దానికి నేనేమీ కలపలేదు. కుంచెలు కొంచెంసేపు ఆగాయి.

"ఈడ మగ్గాల సప్పుడు ఉంటది," అన్నది అవ్వ.

"ఉన్నా ఆగుతది గద. చూసిన."

అవ్వ కొంగున కట్టిన తాళంచెవి విప్పింది. విప్పుతూ నా వంక తిరిగి, "ఇగో పంతులూ. శుక్రవారం సర్కారు సెలవు, నీకు బడి ఉండదు. మేము పడుగు వేసిన శుక్రవారం నువ్వు తాడు పట్టాలె, గిట్లనే ముచ్చట చెప్పాలె. పని జల్ది అయితున్నది. గొడుగు మాత్రం ఇంట్ల పెట్టి రా," అన్నది.

నేను ఒప్పుకునేలోపే అత్తగారు బేరం మొదలుపెట్టింది. "ఎండ నెత్తికెక్కేదాంక వద్దవ్వా. పొద్దుగాల వరకే. ఆయన తల జర సున్నితం."

"గంత మాట్లాడేటోని తల సున్నితమా?"

"మాటలకు గాదు. ఎండకు."

పెళ్ళయిన నాటి నుంచి నా గురించి ఆమె చెప్పిన మంచి మాట అదొక్కటే. అదీ నా ముందే చెప్పింది. ఇద్దరూ పడుగు చివర నా వెనక నుంచి తిరిగి, అవతల తాళం తీసి లోపలికి పోయారు. పడుగు ఇంకా ఆరలేదు, నేను తాడు వదలడానికి లేదు. గోడలు తట్టలేదు, దూలాలు చూడలేదు, వాసాలు లెక్కపెట్టలేదు. ఆ ఇంటికి కిటికీలు ఎన్నో కూడా నాకు తెలియదు. లోపలినుంచి అత్తగారి గొంతు గట్టిగా, బారుగా వినిపిస్తోంది.

"ఇసుర్రాయి ఈ మూలకు. పొయ్యి ఎడమ దిక్కు, నా బిడ్డది ఎడమ చేతి వాటం. ఈ గోడ మీ ఇంటి గోడేనా అవ్వా? కొడితే వినబడతదా?"

లోపల ఎవరో గోడ కొట్టారు. పక్కింట్లోంచి ఒకామె, "ఆ, వినబడ్డది," అన్నది.

పిండి చేతులామె చేతులు కడుక్కుని నా దగ్గరికి వచ్చింది. "మీ ఇంటామె ఎప్పుడొస్తది పంతులూ? ఇల్లు అలికి పెడతం."

"బుధవారం," అన్నాను. నా ఇల్లాలిని ఇంకా అడగలేదు. అయినా ఆమె రాక ఆగేది కాదని నాకు అప్పటికే ఖాయంగా తెలుసు. "బండ్లు పది వస్తాయి సామానుతో. పన్నెండు కూడా కావచ్చు."

"సరే గాని తాడు వంకర పోతున్నది," అన్నాడు కుంచె పట్టినవాడు. "సామాను తర్వాత. ముందు కొంచెం కుడికి జరుగు."

జరిగాను.